ఆక్యుపంక్చర్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

ఒంట్లో సన్నటి సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం ఆక్యుపంక్చర్. దానికి వెళ్దామా వద్దా అని ఊగిసలాడే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: నొప్పి పుడుతుందా? చిన్నప్పటి నుంచీ సూది అంటే మనకి సూదిమందే కాబట్టి ఆ భయం సహజం. కానీ ఈ సూది వేరు. ఇంజెక్షన్ సూది మందు పోవడానికి బోలుగా ఉంటుంది, మందం చాలావరకు అర మిల్లీమీటరు పైమాటే. ఆక్యుపంక్చర్ సూదిలో బోలు ఉండదు, దాంతో ఏ మందూ ఎక్కించరు. మందం సాధారణంగా 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. గట్టిగా నొక్కితే వంగిపోతుంది. అందుకే చాలామంది డాక్టర్లు ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని చర్మం మీద ఆనించి, అందులో సూది పెట్టి, పైకి తేలిన కొసని చూపుడు వేలితో టక్కున తడతారు. గొట్టం ఒత్తిడి తెలుస్తుంది గానీ సూది దిగిన సంగతి ఒక్కోసారి తెలియనే తెలియదు. ఈ గొట్టం పద్ధతిని 17వ శతాబ్దంలో జపాన్‌లో వ్యాప్తిలోకి తెచ్చినవాడు సుగియామా వాయిచి. ఆయనకి చూపు లేదు. చేతి స్పర్శే ఆధారంగా వైద్యం చేసేవాడికి ఇలాంటి ఉపాయం అవసరమైందంటే ఆశ్చర్యం లేదు.

మొదటి సిట్టింగ్‌లో సూదుల కంటే మాటలే ఎక్కువ. నొప్పి ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది, నిద్ర పడుతోందా, అరుగుదల ఎలా ఉంది అని అడుగుతారు. చైనా సంప్రదాయంలో నేర్చుకున్నవాళ్లయితే నాలుక చాపమంటారు, రెండు చేతుల నాడీ చూస్తారు. తర్వాత పడుకోబెట్టి ఐదు నుంచి ఇరవై దాకా సూదులు పెట్టి, ఇరవై నిమిషాలో అరగంటో అలాగే ఉంచేస్తారు. నొప్పి ఒకచోట ఉంటే సూది ఇంకోచోట పెట్టడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో గుచ్చడం ఇందులో మామూలే.

సూది దిగాక డాక్టర్ దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు వచ్చేది నొప్పి అనలేం. తిమ్మిరెక్కినట్టో, బరువుగానో, లోపల ఎవరో గుంజినట్టో ఉంటుంది, ఒక్కోసారి జివ్వున పాకుతుంది. చైనా వైద్యులు దీన్ని ‘ద చీ’ అంటారు. ఇది వస్తేనే సూది పనిచేస్తున్నట్టు లెక్క. అదే సమయంలో సూదిని చర్మం పట్టుకున్నట్టు, లాగినా తేలిగ్గా రానట్టు డాక్టర్ వేళ్లకీ తెలుస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీలో హెలెన్ లాంజవిన్ బృందం 2000ల మొదట్లో ఈ పట్టుని కొలిచి చూసింది. చర్మం కింద ఉండే కొల్లాజెన్ పోగులు, తిరుగుతున్న సూదికి కదురుకి దారంలా చుట్టుకుంటున్నాయని తేల్చింది. ఇంతకాలం రోగులూ వైద్యులూ చెప్తున్న అనుభవం వెనక కంటికి కనిపించే కారణం ఒకటి దొరికినట్టయింది.

కొన్ని క్లినిక్‌లలో సూదులకి వైర్లు తగిలించి కొద్దిపాటి కరెంటు పంపుతారు, కండ లయగా అదురుతుంది. ఇంకొన్ని చోట్ల ఎండిన ఆకుని చుట్టలా చుట్టి, అంటించి, చర్మానికి దగ్గరగా సెగ చూపిస్తారు. ఆ ఆకు ఎక్కడిదో అనుకోనక్కర్లేదు. వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రి జాతి మొక్కదే.

ఇదంతా ఎలా పనిచేస్తుంది? సుమారు రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథం ‘హువాంగ్‌డి నెయ్‌జింగ్’ ప్రకారం ఒంట్లో ‘చీ’ అనే శక్తి నాళాల్లో తిరుగుతుంటుంది. అది అడ్డుపడితే జబ్బు, సూది ఆ అడ్డు తీస్తుంది. ఇప్పటి లెక్కలో ముఖ్యమైన నాళాలు 14, వాటి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ స్థానాలు నిర్ధారించిన పాయింట్లు 361. శరీరాన్ని కోసి చూస్తే మాత్రం ఆ నాళాలు ఎక్కడా కనిపించవు. కనిపించేవి నరాలు, కండరాలు, రక్తనాళాలే. కాబట్టి శాస్త్రవేత్తలు వేరే దారిలో వెతికారు. సూది వల్ల కలిగే ఉపశమనం నలోక్సోన్ అనే మందు ఇస్తే తగ్గిపోతోందని 1970లలో గమనించారు. నలోక్సోన్ చేసే పని నల్లమందు తరహా పదార్థాలకి అడ్డుపడటం. అంటే ఒంట్లో సహజంగా పుట్టే అలాంటి పదార్థాలు, ఎండార్ఫిన్లు, సూది పడినప్పుడు విడుదలవుతున్నాయన్నమాట. 2010లో రోచెస్టర్ యూనివర్సిటీ బృందం ఎలుకల మోకాలి కింద సూది పెట్టి అరగంట తిప్పుతూ చూస్తే, ఆ చోట అడెనోసిన్ అనే రసాయనం దాదాపు 24 రెట్లు పెరిగింది. అడెనోసిన్‌ని అందుకునే గ్రాహకం లేని ఎలుకలకి నొప్పి తగ్గలేదు.

ఇంతవరకు చదివితే కథ సుఖాంతమే. చిక్కంతా మనుషుల మీద పరీక్షించినప్పుడు వచ్చింది.

జర్మనీలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పద్ధతి ప్రకారం ఆక్యుపంక్చర్. రెండో గుంపుకి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, అంటే పాయింట్లు కాని చోట్ల పైపైన సూదులు గుచ్చి తిప్పకుండా వదిలేయడం. మూడో గుంపుకి మామూలు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. 2007లో వచ్చిన ఫలితాలు ఇవి: ఆరు నెలలకి మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి, మూడో గుంపులో 27.4 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు. ఉత్తుత్తి సూదులు కూడా మూడో గుంపుకి చేసిన మామూలు వైద్యాన్ని దాటేశాయి! 2009లో అమెరికాలో ఇంకా ముందుకి పోయి, గొట్టంలో టూత్‌పిక్ పెట్టి చర్మాన్ని గుచ్చినట్టు చేసి వదిలేశారు. దానివల్ల కూడా సూదుల వల్ల కలిగినంత మేలు కలిగింది.

దీన్ని చూపించి ‘అంతా బూటకం’ అనేవాళ్లున్నారు. నాకు అది తొందరపాటుగా అనిపిస్తుంది. సుమారు 18 వేల మంది రోగుల వివరాలు కలిపి 2012లో వేసిన లెక్క ఒకటుంది. నొప్పి వందకి 60 ఉన్నవాళ్లకి, సూదులు లేకుండా అది సుమారు 43కి తగ్గితే, ఉత్తుత్తి సూదులతో 35కి, అసలు సూదులతో 30కి తగ్గుతుంది. 35కీ 30కీ మధ్య ఉన్నది పాయింటు తెలిసి సూది దించడం వల్ల వచ్చే లాభం. అది చిన్నదే గానీ సున్నా కాదు. 43కీ 35కీ మధ్య ఉన్నది మిగతా అన్నిటి వల్లా వచ్చేది. ఒకరు కూర్చుని మన గోడు వినడం, ఒంటి మీద చెయ్యి వేసి చూడటం, ఫోను పక్కన పెట్టి అరగంట కదలకుండా పడుకోవడం, తగ్గుతుందన్న నమ్మకం. రోగికి దక్కేది ఈ రెండూ కలిసిన మొత్తం.

ఆ నమ్మకానికి ఉన్న బలాన్ని కూడా కొలిచారు. హార్వర్డ్‌కి చెందిన టెడ్ కాప్‌చుక్ బృందం 2008లో పేగుల ఇబ్బందితో బాధపడే 262 మందితో చేసిన ప్రయోగంలో అసలు సూదే లేదు, ఉన్నది కొన మొద్దుగా ఉండి లోపలికి ముడుచుకుపోయే ఉత్తుత్తి సూది. ఏమీ చెయ్యకుండా వేచి ఉన్నవాళ్లలో 28 శాతం మందికి తగినంత ఉపశమనం కలిగింది. ముక్తసరిగా ఆ సూది పెట్టి వెళ్లిపోతే 44 శాతం. అదే సూదిని తీరిగ్గా మాట్లాడి, భరోసా ఇచ్చి పెడితే 62 శాతం. నన్నడిగితే ఇందులో పాఠం ఆక్యుపంక్చర్ డాక్టర్లకి కాదు, రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించేసే మన ఓపీలకి.

1971లో జరిగింది కూడా ఈ వెలుగులో చూడాలి. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. సూదులు గుచ్చి, మత్తు లేకుండా కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆయనకి మామూలు మత్తు ఇంజెక్షనే ఇచ్చారు. రెండో రోజు రాత్రి కడుపులో ఇబ్బందిగా ఉంటే మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు పెట్టి, ఆకు సెగ చూపించారు. గంటలోపు సర్దుకుందని ఆయన రాశాడు. అమెరికాకి ఆక్యుపంక్చర్ పిచ్చి పట్టింది అక్కడి నుంచే. మన దేశానికి అది అంతకుముందే వచ్చింది. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ వెళ్లి నేర్చుకొచ్చి, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇక మీరు వెళ్తే ఏం ఆశించాలి? నడుము, మెడ, మోకాళ్ల దీర్ఘకాలిక నొప్పులు, మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి అయితే ఓ మోస్తరు ఉపశమనం ఆశించవచ్చు. ఆపరేషన్ తర్వాత వాంతులకి మణికట్టు లోపలివైపు పాయింటు కొంత పనిచేస్తుంది. మైగ్రేన్‌కి, టెన్షన్ తలనొప్పికి బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు చెప్పేది ఐదు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠంగా పది సిట్టింగ్‌లు. ఒక్క సిట్టింగ్‌తో తేలదు. ఐదారు అయ్యాక కూడా తేడా లేకపోతే మరో ప్యాకేజీకి డబ్బు కట్టకండి. మొదటి రోజు ఇంటికొచ్చాక మత్తుగా, నిద్రొచ్చేలా ఉండొచ్చు, బండి నడపకపోతే మంచిది. షుగర్ మాయం, థైరాయిడ్ మాయం, చెవుడు మాయం అని బోర్డు కనిపిస్తే మెట్లెక్కకుండా వెనక్కి తిరగండి.

ప్రమాదాలు తక్కువే. జర్మనీలో 2 లక్షల 29 వేల మందిని గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, అందులో ఎక్కువ భాగం చుక్క రక్తం కారడం, చర్మం కమలడం. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి లీకైన ఘటనలు రెండు. అంటే ఛాతీ మీద, భుజాల మీద లోతుగా గుచ్చేవాళ్లకి శరీర నిర్మాణం తెలిసి ఉండాలి. మన దగ్గర ఈ వైద్యం చేసేవాళ్లలో బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులున్నారు, ఎంబీబీఎస్ తర్వాత నేర్చుకున్నవాళ్లున్నారు, నాలుగు వారాంతాల్లో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఏం చదివారని అడగడానికి మొహమాటం వద్దు. సూదుల ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడితే హెపటైటిస్ అంటుకోవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు, కాస్త తిని వెళ్లండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా, గర్భవతులైనా ముందే చెప్పండి. బీపీ, షుగర్ మాత్రలు ఆపేయమని ఎవరన్నా ఆపొద్దు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా అది సూదులతో పోయేది కాదు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి.