పేరు పాతదే, మనిషి కొత్త

అమెరికాలోని వర్జీనియాలో ఫోర్ట్ ఎ.పి. హిల్ అని ఒక సైనిక శిక్షణ స్థావరం ఉంది. 1941లో పెట్టిన ఆ పేరు ఆంబ్రోస్ పావెల్ హిల్‌ది. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలనుకున్న కాన్ఫెడరేట్ రాష్ట్రాల తరఫున పోరాడి, 1865 ఏప్రిల్‌లో పీటర్స్‌బర్గ్ దగ్గర చనిపోయిన జనరల్. 2025లో మాత్రం అదే ఎ.పి. హిల్ ముగ్గురి పేరైంది: ఆండర్సన్, పిన్, హిల్. ముగ్గురూ ఆ జనరల్‌కు శత్రుపక్షమైన యూనియన్ సైన్యంవాళ్లు. వారిలో ఆండర్సన్, పిన్ నల్లజాతివాళ్లు. పాము చావకుండా, కర్ర విరగకుండా చేసిన పని.

సైనిక స్థావరాలకు కాన్ఫెడరేట్ల పేర్లు ఉండాలా వద్దా అన్న తగవు ఇది. దీని మూలం అంతర్యుద్ధంలో కంటే ప్రపంచ యుద్ధాల్లో ఉంది. కాన్ఫెడరేట్ల పేర్లున్న తొమ్మిది సైనిక స్థావరాల్లో లీ 1917లో, బ్రాగ్, బెన్నింగ్ 1918లో వెలిశాయి. మిగతా ఆరు 1941, 42 నాటివి. లక్షల మందికి హడావుడిగా శిక్షణ ఇవ్వాలి. దక్షిణాదిలో భూమి విస్తారం, చలి తక్కువ. అక్కడి తెల్లవారి సహకారం కావాలి. వాళ్లు మెచ్చే పేరు పెట్టడానికి యుద్ధశాఖకు పైసా ఖర్చు లేదు. అప్పటి సైన్యంలో నల్లవాళ్లవి వేరే దళాలు, దక్షిణాదిలో వాళ్లకు ఓటు దాదాపు లేనట్టే. వాళ్లను అడిగినవారెవరు?

పోనీ, ఆ పేర్లున్న కాన్ఫెడరేట్లంతా మహా సేనానులా అంటే అదీ కాదు. బ్రాక్స్‌టన్ బ్రాగ్‌కు తన కింది అధికారులతో నిత్యం గొడవలే. 1863లో చట్టనూగా దగ్గర ఓడి పదవి వదులుకున్నాడు. జాన్ బెల్ హుడ్ 1864లో అట్లాంటాను పోగొట్టుకుని, ఆ ఏడాది చివర్లో ఫ్రాంక్లిన్, నాష్‌విల్‌లలో ఉన్న సైన్యాన్నీ నాశనం చేసుకున్నాడు. రకర్ జనరల్ కూడా కాదు, కల్నల్. ఇక హెన్రీ బెన్నింగ్ జార్జియా న్యాయమూర్తి. బానిసత్వం రద్దు కాకుండా ఆపడానికే తమ రాష్ట్రం విడిపోయిందని 1861లో వర్జీనియా సభలో దాపరికం లేకుండా చెప్పినవాడు. ‘ఇది మన వారసత్వం’ అని వాదించేవాళ్లు ఆ ప్రసంగం ఊసెత్తరు.

2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో హత్యకు గురయ్యాక ఈ పేర్లు మార్చాలన్న ఒత్తిడి పెరిగింది. అప్పటి అధ్యక్షుడు ట్రంప్ ససేమిరా అన్నారు. కాంగ్రెస్ రక్షణ బిల్లులోనే పేర్ల మార్పును చేర్చింది. ఆయన వీటో చేశారు. 2021 జనవరి 1న ఆ వీటో వీగిపోయింది. ఆయన తొలి పదవీకాలంలో కాంగ్రెస్ తోసిపుచ్చిన వీటో అదొక్కటే.

ఎనిమిది మంది కమిషన్ కూర్చుని కొత్త పేర్లు సూచించింది. వీధులు, భవనాల పేర్లతో సహా మొత్తం మార్పులకు 6.2 కోట్ల డాలర్ల పైచిలుకు అవుతుందని లెక్క కట్టింది. 2023లో పేర్లు మారాయి. బ్రాగ్ ‘లిబర్టీ’ అయింది. కొందరికి రుచించలేదు, మనిషి పేరు కాదు కదా. నాకు నచ్చినది బెన్నింగ్‌కు పెట్టిన ‘మూర్’. అది వియత్నాంలో పోరాడిన హాల్ మూర్, ఆయన భార్య జూలియా, ఇద్దరి పేరూ. కొడుకో భర్తో చనిపోయాడన్న టెలిగ్రామ్‌ను అప్పట్లో టాక్సీ డ్రైవర్లు తెచ్చి చేతిలో పెట్టి వెళ్లేవారు. జూలియా ఆ ఇళ్లకు తానే వెళ్లి పక్కన కూర్చుంది. సైన్యం పద్ధతి మార్చుకోవడానికి ఆమె ఒక కారణం. ‘లీ’ స్థానంలో ‘గ్రెగ్-ఆడమ్స్’ వచ్చింది. ఇద్దరూ నల్లజాతి అధికారులే. 94 ఏళ్ల ఆర్థర్ గ్రెగ్ తన పేరు పెట్టడం కళ్లారా చూశారు.

2025లో ట్రంప్ మళ్లీ వచ్చాక చక్రం వెనక్కి తిరిగింది. కాన్ఫెడరేట్ల పేర్లు పెట్టకూడదని చట్టం ఉంది కాబట్టి అదే ఇంటిపేరున్న వేరే సైనికులను వెతికారు. ఫిబ్రవరిలో బ్రాగ్ వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన రోలాండ్ బ్రాగ్ పేరిట. మార్చిలో బెన్నింగ్, కార్పొరల్ ఫ్రెడ్ బెన్నింగ్ పేరిట. లీకి దొరికినవాడు ఫిట్జ్ లీ, 1898లో క్యూబాలో సాహసానికి పతకం పొందిన నల్లజాతి సిపాయి. (పాత పేరు కాన్ఫెడరేట్ల ప్రముఖ సేనాని రాబర్ట్ ఇ. లీది. ఆయన అన్న కొడుకు ఫిట్జ్‌హ్యూ లీ కూడా కాన్ఫెడరేట్ జనరలే. ఈ ఫిట్జ్ లీ అతను కాదు.)

జూన్ 10న ఫోర్ట్ బ్రాగ్‌లో సైనికుల ముందు మిగిలిన ఏడు పేర్లూ తిరిగొస్తాయని ట్రంప్ ప్రకటించారు. సైన్యం కాగితాల్లో ఉన్నది ఫిట్జ్ లీ. వేదిక మీద ట్రంప్ నోట వచ్చింది ‘ఫోర్ట్ రాబర్ట్ ఇ. లీ’.