పింగాణీ, లోహం, మధ్యలో పిసరంత ఆక్సైడ్

పంటి రంగులో మెరిసే సిరామిక్ క్యాపుల్లో చాలావాటికి లోపల లోహపు తొడుగు ఉంటుంది. నమిలే బలాన్ని అది మోస్తుంది, కంటికి కనిపించేది పింగాణీ. ఈ రెండింటి మధ్య జిగురేమీ ఉండదు. శాండ్‌బ్లాస్టింగ్‌తో, అంటే గట్టి పొడిని గాలితో విసిరికొట్టడంతో, గరుకైన లోహంలోకి పింగాణీ కరిగి దిగడం వల్ల కొంత పట్టు దొరుకుతుంది. అసలు పట్టు మాత్రం లోహం మీది పలుచని ఆక్సైడ్ పొరది. ఇనుముకు పడితే తుప్పని గీకి పారేసేది ఇలాంటిదాన్నే!

స్వచ్ఛమైన బంగారానికి ఆక్సైడ్ పట్టదు కాబట్టి పింగాణీ కూడా పట్టదు. అందుకే ఈ పనికి వాడే బంగారు మిశ్రలోహాల్లో తగరం, ఇండియం, ఇనుము లాంటివి కొద్దిగా కలుపుతారు. వేడి చేస్తే అవి పైకి చేరి ఆక్సైడ్‌గా మారతాయి. పింగాణీలోని గాజు కరిగినప్పుడు ఆ ఆక్సైడ్‌ను కొంత తనలో కలుపుకుంటుంది, బంధం అక్కడే ఏర్పడుతుంది. నికెల్-క్రోమియం, కోబాల్ట్-క్రోమియం లోహాలది తలకిందుల సమస్య. వాటికి ఆక్సైడ్ అడగకుండానే పడుతుంది, ఆగకుండా పెరుగుతుంది. మందమైతే ఆ పొరే పెళుసై నిలువునా ఊడుతుంది.

బంధం కుదిరినా, చల్లారేటప్పుడు రెండూ ఒకేలా కుంచించుకోకపోతే పని చెడుతుంది. మామూలు ఫెల్డ్‌స్పార్ పింగాణీ డిగ్రీకి మీటరుకు సుమారు 8 మైక్రాన్లు వ్యాకోచిస్తే, లోహం 14 మైక్రాన్ల దాకా వ్యాకోచిస్తుంది. పింగాణీ 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడుతుందనుకుందాం. గది వేడికి వచ్చేసరికి 10 మిల్లీమీటర్ల పొడవులో తేడా దాదాపు 35 మైక్రాన్లు! అంత తేడాను పింగాణీ తట్టుకోలేదు. ఎక్కువగా వ్యాకోచించే ల్యూసైట్ అనే స్ఫటికాన్ని పింగాణీలో పెంచి ఈ చిక్కు విప్పారు. 1962లో అమెరికాలో వైన్‌స్టీన్ బృందానికి వచ్చిన పేటెంట్లు దీని గురించే. ఇప్పుడు లోహం వ్యాకోచం డిగ్రీకి మీటరుకు పింగాణీ కన్నా 0.5 నుంచి 1 మైక్రాన్ మాత్రమే ఎక్కువ ఉండేలా చూస్తారు. సరిసమానం కాకుండా ఆ కాస్త తేడా కావాలనే ఉంచుతారు. లోహం కొంచెం ఎక్కువ కుంచించుకుంటే పింగాణీ నొక్కుడులో ఉంటుంది, నొక్కుడును పింగాణీ బాగా ఓర్చుకుంటుంది. లాగితేనే పగులుతుంది.

ఇక ల్యాబ్ పని. లోహం మందం బంగారు రకాల్లో కనీసం 0.3, నికెల్, కోబాల్ట్ రకాల్లో 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. మూలలన్నీ గుండ్రంగా ఉండాలి. అరగదీసేటప్పుడు బర్‌ను (తిరిగే అరగదీత ముక్కను) ఒకే దిశలో నడపాలి. అటూ ఇటూ తిప్పితే లోహం మడతపడి దాని కింద గాలి, దుమ్ము చిక్కుకుంటాయి. ఫర్నేస్‌లో బుడగలై లేచేవి అవే. తర్వాత అల్యూమినా పొడితో శాండ్‌బ్లాస్టింగ్: బంగారు రకాలకు 50 మైక్రాన్ల పొడి, 2 బార్ పీడనం, గట్టి లోహాలకు 110 మైక్రాన్లు, 3 నుంచి 4 బార్. నాజిల్ నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టాలి, లేదంటే రేణువులు లోహంలో దిగబడతాయి. ఆవిరితో కడిగాక చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు చాలు, ఓపేక్ పొర (లోహం రంగును దాచే తొలి పింగాణీ పూత) లేచిపోవడానికి.

ఆక్సైడ్ కాల్పు, అంటే ఆక్సైడ్ పట్టడానికి లోహాన్ని ఒక్కదాన్నే వేడి చేయడం, చాలా లోహాలకు 950–1000 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటికి తీశాక రంగు అంతటా ఒకేలా ఉందా అని చూడాలి. మచ్చలుంటే మురికి ఉన్నట్టే, మళ్లీ బ్లాస్ట్ చేయాల్సిందే. నికెల్, కోబాల్ట్ లోహాల్లో చాలావాటికి ఈ ఆక్సైడ్‌ను బ్లాస్ట్ చేసి తీసేయమనే తయారీదారు సూచన ఉంటుంది. ఓపేక్ కాల్పులో కావలసినంత పొర మళ్లీ పడుతుంది.

ఓపేక్ మొదటి పూతను పలుచగా, రెండో పూతను లోహం రంగు కనిపించకుండా వేస్తారు. రెండూ కలిపి 0.2–0.3 మిల్లీమీటర్లు. ఆపైన డెంటిన్ (పంటి లోపలి పొర), ఎనామెల్ (పై పొర) రంగుల పింగాణీ. కాలినప్పుడు ఇది పొడవులో ఆరో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి పంటిని కాస్త పెద్దగానే కట్టాలి. ఫర్నేస్ వాకిట్లో కొన్ని నిమిషాలు ఆరబెట్టడం తప్పనిసరి. తొందరపడితే లోపలి తేమ ఆవిరై పింగాణీని పేలుస్తుంది. రంగు కుదరలేదని పదేపదే కాల్చడం చెడ్డ అలవాటు. ఆక్సైడ్ మందమవుతుంది, ల్యూసైట్ పాళ్లు మారి వ్యాకోచం లెక్క తప్పుతుంది.

ఐఎస్‌ఓ 9693 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ బంధానికి కనీసం 25 మెగాపాస్కల్ బలం ఉండాలి. అయినా నోట్లో ఊడిన క్యాప్ చెప్పినంత వివరంగా పరీక్ష చెప్పదు. లోహం శుభ్రంగా, మెరుస్తూ బయటపడితే ఆక్సైడ్ సరిగా పట్టలేదు, లేదా జిడ్డు మిగిలింది. ఊడిన పెచ్చు వెనకా, లోహం మీదా ముదురు రంగు పొర కనిపిస్తే ఆక్సైడ్ మందమై రెండుగా చీలింది. లోహాన్ని పింగాణీ ఇంకా అంటిపెట్టుకునే ఉండి, పగులు పింగాణీలోనే నడిస్తే బంధం బాగున్నట్టే. చాలాసార్లు అలాంటి చోట లోహం ఆసరా లేకుండా పింగాణీ 2 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. అప్పుడు ఫర్నేస్ ప్రోగ్రామ్ మార్చి లాభం లేదు, తొడుగును పోతపోయడానికి ముందు చేసే మైనపు నమూనా దగ్గరే సరిచేసుకోవాలి.