చెట్టు వెంట వచ్చిన కార్చిచ్చు

అలాస్కా అడవుల్లో వేల ఏళ్ల కిందట ఎప్పుడు మంటలు రేగాయో తెలుసుకోవాలంటే అక్కడి సరస్సుల అడుగున ఉన్న బురదను తవ్వాలి. సరస్సు మీద తెప్ప కట్టుకునో, గడ్డకట్టాక మంచుకు బెజ్జం పెట్టో, పొడవాటి గొట్టం దింపి పొర మీద పొరగా పేరుకున్న ఒండ్రును చెదరకుండా పైకి లాగుతారు. దాన్ని అర సెంటీమీటరు మందం ముక్కలుగా కోసి, జల్లెడ పట్టి, మిగిలిన నల్లటి నలుసుల్ని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఆ నలుసులు బొగ్గు. ఒక పొరలో బొగ్గు ఉన్నట్టుండి పెరిగిందంటే ఆ కాలంలో దగ్గర్లోనే అడవి తగలబడిందన్నమాట. అదే బురదలో పుప్పొడి కూడా దొరుకుతుంది కాబట్టి అప్పుడు చుట్టూ ఏ చెట్లుండేవో కూడా తెలిసిపోతుంది.

ఈ లెక్కల్లో నేను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. ఉత్తర అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాల దక్షిణ భాగంలో సుమారు 5,500 ఏళ్ల క్రితం వాతావరణం చల్లబడింది, తేమ పెరిగింది. మంటలు తగ్గాలి కదా? పెరిగాయి! సరిగ్గా ఆ రోజుల్లోనే బ్లాక్ స్ప్రూస్ అనే చెట్టు అక్కడ విస్తరించింది, కార్చిచ్చు దాని వెంటే వచ్చింది.

ఈ చెట్టును చూస్తే ఎందుకో అర్థమవుతుంది. సన్నగా పొడవుగా ఉంటుంది, ఎండిన కొమ్మలు దాదాపు నేలను తాకుతుంటాయి, ఆకులు సూదుల్లా ఉండి వాటి నిండా గుగ్గిలం లాంటి జిగురు ఉంటుంది. కింద నాచులో పుట్టిన నిప్పు ఆ కొమ్మలను నిచ్చెన చేసుకుని నిమిషాల్లో చిటారుకు ఎక్కేస్తుంది. చెట్టు చచ్చిపోతుంది. కానీ దాని కోన్‌లు, అంటే గింజలుండే కాయలు, చిటారున గుత్తిగా ఉంటాయి, మంట వేడికి జిగురు కరిగి విచ్చుకుని ఆ తర్వాత కొన్నేళ్లపాటు బూడిద మీద గింజలు రాలుస్తూనే ఉంటాయి. కెనడాలోని జాక్ పైన్ అయితే ఇంకా గట్టిది, దాని కోన్‌లకు లక్కముద్ర వేసినట్టే ఉంటుంది, 50 డిగ్రీల దాకా వేడి తగిలితే తప్ప చాలావరకు తెరుచుకోవు.

చెట్లన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. సైబీరియాలో ఎక్కువగా ఉండే లార్చ్ చెట్టుకు బెరడు మందం, కింది కొమ్మలు రాలిపోతాయి, అందుకే అక్కడ మంట చాలాసార్లు నేల మీదే పాకి వెళ్లిపోతుంది, పెద్ద చెట్లు బతికిపోతాయి. చలి అదే, ఎండాకాలం అదే, చెట్టు మారేసరికి మంట స్వభావమే మారిపోయింది.

మళ్లీ అలాస్కాకు వద్దాం, ఎందుకంటే అసలు కథ నాచులో ఉంది. స్ప్రూస్ కింద నాచు పరుపులా, ఒక్కోచోట జానెడు మందాన పెరుగుతుంది. అది కింది నేలను చల్లగా ఉంచుతుంది, పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల, కరగకుండా కాపాడుతుంది, బర్చ్, ఆస్పెన్ లాంటి ఆకురాల్చే చెట్ల చిన్న గింజలను అందులో వేరూననివ్వదు. మంట పైపైన కాలిస్తే నాచు చాలావరకు మిగులుతుంది, మళ్లీ స్ప్రూసే మొలుస్తుంది, నూరేళ్లు అటూ ఇటూగా మళ్లీ మంట. వేల ఏళ్లుగా ఇదే వరస.

ఇప్పుడు ఈ వరస తప్పుతోంది, నాకు దిగులంతా ఇక్కడే. 2004లో ఒక్క అలాస్కాలోనే 27 లక్షల హెక్టార్లు కాలింది. 2023లో కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్లు, అంటే ఇంచుమించు ఆంధ్రప్రదేశ్ అంత. అలాస్కాలోని యూకాన్ ఫ్లాట్స్ అనే మైదానంలో సరస్సుల బురద చూస్తే, అక్కడ ఈమధ్య దశాబ్దాల్లో వచ్చినన్ని మంటలు గత 10,000 ఏళ్లలో ఎప్పుడూ రాలేదు. మంట లోతుగా దిగి నాచంతా కాలిపోతే బర్చ్, ఆస్పెన్ ఆ చోటు ఆక్రమిస్తాయి. కుర్ర స్ప్రూస్‌కు గింజ పట్టేలోపే రెండో మంట వస్తే రాల్చడానికి దాని దగ్గర గింజే ఉండదు. ఆకురాల్చే అడవి అంత తేలిగ్గా అంటుకోదు, కాబట్టి ముందుముందు అక్కడ మంటలు కొంత నెమ్మదించవచ్చు. ఊరట కలిగించే మాటే, కానీ ఈలోగా ఆ నాచులో వందల ఏళ్లుగా దాగిన కార్బన్ గాల్లో కలిసిపోతుంది.

నాచు ఎంత కాలిందో కొలవడానికి అక్కడి శాస్త్రవేత్తలు చూసే గుర్తు చాలా చిన్నది. నాచు పైకి పెరిగేకొద్దీ స్ప్రూస్ మొదలు నుంచి అందులోకి కొత్త వేర్లు వేస్తుంది. మంట ఆరాక ఆ మసిబారిన మొద్దు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గాల్లో వేలాడుతున్న పై వేరుకూ కింద మిగిలిన నేలకూ మధ్య స్కేలు పెడతారు. ఆ ఎడాన్ని బట్టి, పక్కన చిన్న గొయ్యి తవ్వి ఇంకా ఎంత నాచు మిగిలిందో చూసి, అక్కడ రాబోయేది స్ప్రూసా, బర్చా అని అంచనా వేస్తారు.