బ్రౌజర్ తగాదాలు: అపోహలు - వాస్తవాలు

వెబ్ పేజీలు తయారుచేయడం నా వృత్తి. రాసిన పేజీని క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ తెరిచి చూసుకున్నాకే సైటులో పెడతాం. అందుకే "ఏ బ్రౌజర్ గొప్పది" అనే వాదన ఎక్కడ వినిపించినా ఆగి వింటాను. చాలామంది పోట్లాడుకునేది పేర్ల గురించే. తేడాలు పేరు కింద ఉంటాయి: ఇంజన్‌లో, ఫోనులోని ఫాంట్లలో, కంపెనీ ముందే పెట్టి ఇచ్చే సెట్టింగుల్లో.

అపోహ: క్రోమ్ వద్దనుకుని ఎడ్జ్‌కో బ్రేవ్‌కో మారితే గూగుల్ చేతిలోంచి బయటపడ్డట్టే.

వాస్తవం: పేజీ కోడ్‌ను చదివి తెర మీద గీసే భాగాన్ని ఇంజన్ అంటాం. ఒపెరా 2013లో తన సొంత ఇంజన్ ప్రెస్టోను వదిలేసింది. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి నుంచి ఎడ్జ్‌ను క్రోమియం (క్రోమ్‌కూ ఆధారమైన, గూగుల్ అందరికీ తెరిచి ఉంచిన కోడ్) మీద కట్టి ఇస్తోంది. బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్‌లదీ అదే దారి. ఒకే మిల్లు బియ్యం వేర్వేరు సంచుల్లో అమ్మినట్టు, వీటన్నిటి లోపలా ఉన్నది గూగుల్ ముందుండి నడిపించే బ్లింక్ ఇంజనే. మీ వివరాలు ఎవరికి చేరతాయన్న విషయంలో వీటి మధ్య నిజమైన తేడాలున్నాయి. బ్రేవ్ అయితే వేసుకున్న క్షణం నుంచే ట్రాకర్లను, అంటే మీరు ఏ సైట్లు చూస్తున్నారో వెంటాడి గమనించే కోడ్‌ను, ఆపుతుంది. కానీ వెబ్ ఎటు నడవాలో తేల్చే బలం మాత్రం ఒకే చోట పోగుపడుతోంది.

జనం విరివిగా వాడే ఇంజన్లు ఇప్పుడు మూడే మిగిలాయి: బ్లింక్, ఆపిల్ వారి వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో. ఇందులో బ్లింక్ 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయినదే. వెబ్‌కిట్ కూడా లినక్స్ లోకంలో కేడీఈ అనే బృందం రాసిన కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజన్ నుంచి పుట్టింది. పూర్తిగా వేరే వంశం గెకో ఒక్కటే. అది పోతే మనకు మిగిలేవి దాయాదులైన రెండు ఇంజన్లు. వాదించుకోదగ్గ విషయం నా దృష్టిలో ఇదే.

అపోహ: ఐఫోన్‌లో క్రోమ్ వేసుకుంటే సఫారీ కన్నా పేజీలు బాగా వస్తాయి.

వాస్తవం: మన దేశంలో ఐఫోన్ మీద నడిచే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ సఫారీలో ఉన్న వెబ్‌కిట్ మీదే నడుస్తాయి. ఆపిల్ నిబంధన అది. యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల 2024 మార్చిలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17.4తో అక్కడ వేరే ఇంజన్లకు దారి తెరిచారు.

అపోహ: ఈ బ్రౌజర్‌లో తెలుగు సరిగా రాదు, ఆ బ్రౌజర్‌లో చక్కగా వస్తుంది.

వాస్తవం: ఒకప్పుడు ఇది అక్షరాలా నిజం. 2000ల మొదట్లో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే అక్షరాల సంకేత పద్ధతి) కాకుండా సొంత ఫాంట్లతో నడిచేవి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేకపోతే చదవడమే కష్టం. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఫైర్‌ఫాక్స్‌కు వచ్చాక ఎంతోమందికి దారి దొరికింది. ఆ రోజుల జ్ఞాపకంతోనే ఇప్పటికీ కొందరు ఈ మాట అంటుంటారు.

ఇప్పుడు సంగతి వేరు. పేజీలోనే ఫాంటు ఇవ్వకపోతే బ్రౌజర్ మీ పరికరంలో ఉన్నదాన్ని తీసుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీలో అది గౌతమి, ఇప్పటి విండోస్‌లో నిర్మలా యూఐ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు. ఒత్తులు, గుణింతాలు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టే పనికి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీని, అంటే సిద్ధంగా దొరికే కోడ్‌ను, వాడతాయి. ఫాంటు ఒకటే అయితే రెండింటిలోనూ "రాష్ట్రం" ఒకేలా కనబడాలి.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఐఫోన్లను కూల్చేసిన ఉదంతం గుర్తుందా? జ, ఞ కలిశాక దీర్ఘానికి ముందు కంటికి కనబడని ఒక విభజన గుర్తు చేరిన వరుస అది. తప్పు ఏ బ్రౌజర్‌దీ కాదు, అక్షరాలను తెర మీద పేర్చే ఆపిల్ కోర్‌టెక్స్ట్‌ది. అందుకే మెసేజ్ యాప్‌లు కూడా కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

ఇంకో మాట మా వృత్తివాళ్లకే చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా వరుసల ఎడం పెట్టి, అదే పేజీలో తెలుగు పోస్తే కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి. పాఠకుడు బ్రౌజర్‌ను తిడతాడు. సరిదిద్దాల్సింది మనం. తెలుగు పేజీకి ఎడం ధారాళంగా ఇవ్వండి.

అపోహ: క్రోమ్ ర్యామ్ తినేస్తుంది, అది చేతకాని కోడ్.

వాస్తవం: 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ఒక ట్యాబ్‌లోని దొంగ సైటు పక్కనున్న బ్యాంకు పేజీ రహస్యాలను చదివే ప్రమాదం అది. దాంతో అదే ఏడాది క్రోమ్ 67 నుంచి కంప్యూటర్లలో ఒక్కో సైటునూ వేరే ప్రాసెస్‌లో, అంటే ఒకదాని మెమరీ ఇంకొకటి చూడలేని విడి ప్రోగ్రాంలా, నడపడం మామూలైంది. 2021లో ఫైర్‌ఫాక్స్ 94 కూడా ఆ బాట పట్టింది. ఆ భద్రతకు కట్టే ఖరీదులో ర్యామ్ కూడా ఒకటి. 4 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల ఇబ్బంది నిజమే, వాళ్లు వాడని ట్యాబులను నిద్రపుచ్చే మెమరీ సేవర్ ఆన్ చేసుకోవాలి.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో (హిస్టరీ దాచుకోని ప్రైవేటు కిటికీలో) తెరిస్తే ఎవరికీ తెలియదు.

వాస్తవం: మీ ఇంట్లోవాళ్లకు హిస్టరీ కనబడదు, అంతే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి, సైటుకి తెలుస్తూనే ఉంటుంది.

అపోహ: యాడ్ బ్లాకర్ ఎక్కడ వేసుకున్నా ఒకటే.

వాస్తవం: ఇక్కడ మాత్రం బ్రౌజర్ ఎంపిక నిజంగా తేడా తెస్తుంది. పాత పద్ధతిలో పేజీ నుంచి వెళ్లే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి ఆపగలిగేది. క్రోమ్ తెచ్చిన మానిఫెస్ట్ వీ3 అనే ఎక్స్‌టెన్షన్ల కొత్త నిబంధనల్లో అది నియమాల జాబితాను ముందే బ్రౌజర్ చేతికిచ్చి తప్పుకోవాలి. అందుకే క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ స్థానంలో దాని లైట్ రూపమే దిక్కయింది. ఫైర్‌ఫాక్స్ పాత సౌకర్యాన్ని ఉంచింది.

అపోహ: క్రోమ్‌లో పనిచేస్తే సైటు సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లోనూ ఇలాగే అనుకున్నారు. అప్పటి ఆఫీసు సైట్ల కోసం ఎడ్జ్‌లో నేటికీ ఐఈ మోడ్‌ను (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఏర్పాటును) మోయాల్సి వస్తోంది. మీకు ఏదైనా సైటు ఫైర్‌ఫాక్స్‌లోనో సఫారీలోనో పనిచేయకపోతే బ్రౌజర్ మార్చి ఊరుకోకండి, సైటువాళ్లకు రాయండి. ఫైర్‌ఫాక్స్ మెనూలో చెడిన సైటు గురించి తెలిపే ఏర్పాటు కూడా ఉంది. ఏ పేజీ, ఏ బటన్, బ్రౌజర్ ఏ వెర్షన్, ఫోనా కంప్యూటరా అని రాసి ఒక స్క్రీన్‌షాట్ జతచేస్తే మాలాంటివాళ్లకు తప్పు పట్టుకోవడం చాలా తేలిక.