సుడి తిరిగితే కలిసినట్టేనా?

నేను బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో రియాక్టర్ల దగ్గర, అంటే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకుల దగ్గర పని చేస్తాను. షిఫ్టులో కొత్తగా చేరిన పిల్లలు ట్యాంకు పైనున్న మ్యాన్‌హోల్లోంచి తొంగిచూసి సంబరంగా చెప్పే మాట ఒకటుంది: "సార్, సుడి ఎంత లోతుగా పడిందో చూడండి!"

అపోహ: సుడి ఎంత లోతుగా ఉంటే అంత బాగా కలుస్తున్నట్టు.

వాస్తవం: చాలాసార్లు అది సరిగ్గా కలవడం లేదనడానికి గుర్తు. నున్నటి గుండ్రటి ట్యాంకు నడిమధ్యలో ఎజిటేటర్ (ద్రవాన్ని తిప్పే రెక్కల కడ్డీ) ఒకే వైపు తిరుగుతుంటే, కాసేపటికి ద్రవమంతా ఒక్క ముద్దలా దానితోపాటే తిరుగుతుంది. పక్కపక్కనున్నవి పక్కపక్కనే ఉండిపోతాయి, పైది కిందికి రావడం తగ్గిపోతుంది. అందుకే ట్యాంకు గోడ వెంట బాఫిల్స్ పెడతారు. అంటే నిలువు పలకలు, మామూలుగా నాలుగు, ఒక్కోటి ట్యాంకు వ్యాసంలో దాదాపు పదో వంతు వెడల్పు. తిరిగే ద్రవం వాటికి కొట్టుకుని పైకీ కిందికీ మళ్లుతుంది. సుడి చెదిరిపోతుంది, అసలు కలవడం అప్పుడు మొదలవుతుంది.

కవ్వం చేసేదీ ఇదే. తాడు అటూ ఇటూ లాగుతుంటే దిశ మారుతూనే ఉంటుంది, కాబట్టి మజ్జిగకు ఒకే వైపు సుడి కట్టే వ్యవధే ఉండదు. ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అపోహ: కదపకుండా వదిలేసినా కాసేపటికి అదే కలిసిపోతుంది.

వాస్తవం: నీళ్లలో కరిగిన పంచదార తనంతట తాను ఒక్క సెంటీమీటరు వ్యాపించడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. దూరం పది రెట్లయితే సమయం వంద రెట్లు, అంటే నెలలు! మరి కలిపితే నిమిషంలో ఎలా అయిపోతోంది? మడత కాజా పిండిలా ద్రవం సాగి, మడతపడి, మళ్లీ సాగుతుంది. పది సెంటీమీటర్ల మందాన్ని రెట్టింపు సాగదీసి మడవడం పదిసార్లు చేస్తే 1024 పొరలు, ఒక్కోటి సుమారు మిల్లీమీటరులో పదో వంతు. అంత దూరాన్ని అణువులు సెకన్లలో దాటేస్తాయి. పొరలు పలచబరచడం ప్రవాహం పని, చివరి అడుగు అణువులది.

అపోహ: కలవకపోతే ఆర్పీఎం (ఎజిటేటర్ నిమిషానికి తిరిగే చుట్లు) పెంచితే సరి.

వాస్తవం: వేగం రెట్టింపు చేస్తే మోటారుకు కావలసిన పవర్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. స్ఫటికాలుంటే విరిగిపోతాయి కూడా.

చిక్కటి ద్రవాల్లో టర్బులెన్స్ (అల్లకల్లోలమైన ప్రవాహం) పుట్టదు కాబట్టి అవి కలవవని కొందరంటారు. కానీ ఒకదాని తర్వాత ఒకటిగా రెండు సుడులను మార్చిమార్చి నడిపితే, టర్బులెన్స్ లేకుండానే ద్రవం సాగి మడతపడి కలుస్తుందని 1984లో ద్రవప్రవాహాల శాస్త్రవేత్త హసన్ అరెఫ్ చూపించారు.

నేనైతే సుడిని నమ్మను. పైనుంచి ఒక శాంపిల్, కింది వాల్వు నుంచి ఒక శాంపిల్ తీయిస్తాను. రెండింటి రిజల్ట్ ఒకటయ్యాకే తర్వాతి స్టెప్.