విటమిన్ డి: మెడికోల్లో అపోహలు - వాస్తవాలు

ఫస్టియర్ పిల్లల్ని వైవాలో విటమిన్ డి గురించి అడిగితే చర్మంలోని ముడిసరుకు 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ దగ్గర మొదలుపెట్టి కిడ్నీలో తయారయ్యే యాక్టివ్ రూపం కాల్సిట్రయాల్ దాకా గడగడా చెప్పేస్తారు. మరి మీ ఒంటికి ఎండ తగిలి ఎన్నాళ్లయింది అంటే మొహమొహాలు చూసుకుంటారు.

అపోహ: మనది ఎండల దేశం, మనకు లోపమేంటి?

వాస్తవం: ఎండ ఊళ్లో కాస్తే చాలదు, ఒంటికి తగలాలి. పొద్దున ఎనిమిదికి లెక్చర్ హాల్లోకి వెళ్లిన మెడికో డిసెక్షన్, ల్యాబ్, రీడింగ్ రూమ్ ముగించుకుని చీకటి పడ్డాకే బయటికొస్తాడు. పైగా మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ, అది ఎండను అడ్డుకుంటుంది కాబట్టి ఎండలో ఇంకాస్త ఎక్కువసేపు ఉండాలి.

అపోహ: పొద్దున్నే నీరెండలో కూర్చుంటే సరిపోతుంది.

వాస్తవం: ఇది ఇంట్లో పెద్దలు చెప్పిన మాట, ఫైనలియర్ వాళ్లూ నమ్ముతారు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు చర్మంలో విటమిన్ డి తయారు చేయించే యూవీబీ (అతినీలలోహిత) కిరణాల్లో చాలా భాగాన్ని ఓజోన్ పొర పీల్చేసుకుంటుంది. తిరుపతిలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో విటమిన్ డి తయారీ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎక్కువగా కనిపించింది. గడియారం అక్కర్లేదు, మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే అదే సరైన వేళ. చేతులు, కాళ్లు కొంత బయట ఉండాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అది యూవీబీని ఆపేస్తుంది. అలాగని రోహిణి కార్తెలో గంటసేపు నిలబడమనడం లేదు, చర్మం కందకముందే నీడలోకి వచ్చేయాలి.

అపోహ: 60,000 యూనిట్ల సాచెట్ ఎక్కువైనా మూత్రంలో పోతుంది.

వాస్తవం: పోయేది బి కాంప్లెక్స్. డి కొవ్వులో కరిగి ఒంట్లోనే నిల్వ ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్-ఎన్ఐఎన్) 2020లో పెద్దలకు సూచించింది రోజుకు 600 యూనిట్లు, అంటే ఒక్క సాచెట్ వంద రోజుల మోతాదు! లోపం ఉన్నవారికి సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇస్తాం. దాన్ని రూమ్మేట్ వాడుతున్నాడని రోజూ టిఫిన్ తర్వాత వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. రేపు హౌస్ సర్జన్లుగా చీటీ రాసేటప్పుడు 'వారానికి ఒకటి' అని వదిలేయకండి, 'ప్రతి ఆదివారం' అని రాసి పేషెంటుతో ఒకసారి చెప్పించుకోండి.

అపోహ: పాలు, గుడ్డు తింటే చాలు.

వాస్తవం: ఒక గుడ్డు సొనలో ఉండేది సుమారు 40 యూనిట్లు. మామూలు పాలలో అంతకంటే పెద్దగా ఏమీ ఉండదు. ప్యాకెట్ మీద 'ప్లస్ ఎఫ్' గుర్తు ఉంటే కొంత కలిపారని అర్థం.

అపోహ: నీరసమైనా, జుట్టు రాలినా ముందు డి టెస్ట్ చేయించాలి.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే ఈ టెస్ట్ వద్దని హార్మోన్ వైద్య నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. అమెరికాలో జరిగిన వైటల్ ట్రయల్‌లో రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా మామూలు పెద్దల్లో ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. ఎముకల నొప్పులుండి, గొంతుక్కూర్చుంటే లేవలేకపోతున్నారంటే మాత్రం టెస్ట్ రాయాల్సిందే. అప్పుడు ల్యాబ్ ఫారంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి అని రాయండి. యాక్టివ్ రూపం కదా అని చాలామంది 1,25-డైహైడ్రాక్సీ, అంటే కాల్సిట్రయాల్, రాస్తారు. లోపం ఉన్నప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి దాన్ని నార్మల్‌గానో, ఒక్కోసారి ఎక్కువగానో చూపిస్తుంది. రిపోర్టు బాగుందని పేషెంటును ఇంటికి పంపేస్తారు.