యాంప్లిఫయర్‌కి స్పీకర్ జత కుదరాలంటే

వినాయక చవితి పందిరి దగ్గర పెట్టే పాతకాలపు మైక్ సెట్టులో 60 వాట్ల యాంప్లిఫయర్ ఒకటి, చెట్టుకొమ్మకి కట్టిన హారన్లు రెండు ఉంటాయి. అంతే. పాట ఊరి చివర పొలాల దాకా వినిపిస్తుంది. ఇంట్లో హోమ్ థియేటర్ అట్టపెట్టె మీదేమో 5000 వాట్స్ పీఎంపీఓ అని ఉంటుంది. దాని వాల్యూం మొత్తం పెంచినా రెండో వీధికి వినపడదు.

ఇందులో సగం సంగతి ఆ అంకెలోనే ఉంది. పీఎంపీఓ అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్, దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు. ఎవరికి నచ్చిన అంకె వాళ్ళు అచ్చు వేసుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి అంకెల గోల ముదిరి, 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ యాంప్లిఫయర్లకి ఒక నిబంధనే పెట్టింది. ఆగకుండా ఇవ్వగల పవర్ ఎంతో, ఎన్ని ఓమ్స్‌లో (కరెంటుకి స్పీకర్ చూపే నిరోధం), ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం చెడిపోవడం) ఇస్తుందో ప్రకటనలో చెప్పి తీరాలంది. మనం ఆర్ఎంఎస్ వాట్లు అని అడిగేది ఆ పవర్ గురించే. ఈసారి సెట్టు వెనక్కి తిప్పి చూడండి, పవర్ కన్సంప్షన్ 50 వాట్స్ అనో 60 వాట్స్ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గోడలోంచి తీసుకునేదే 50 వాట్లయితే స్పీకర్లకి 5000 ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది?

కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే యాంప్లిఫయర్ బోర్డులకి కూడా ఇదే పరీక్ష పెట్టొచ్చు. మెకానిక్కులు 4440 అని పిలిచే సాన్యో ఐసీ (చిప్) ఉంది కదా, దాని డేటాషీటు ప్రకారం విడిగా వాడితే ఒక్కో వైపు 6 వాట్లు, రెండు వైపులూ కలిపి ఒకే స్పీకర్‌ని నడిపిస్తే, అంటే బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లు. అంతకంటే రాదు, ఎందుకంటే అది నడిచేదే 13 వోల్టుల మీద. లెక్క చాలా తేలిక. 12 వోల్టుల సప్లైతో, బ్రిడ్జ్‌లో, 4 ఓమ్స్ స్పీకర్‌కి శబ్దం పగలకుండా అందే పవర్ ఎంత పిండినా 18 వాట్లు. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉంటే తప్ప ఈ హద్దు దాటదు. అది ఉన్నా, అడాప్టర్ 12 వోల్టులు 2 యాంపియర్లదైతే మొత్తం 24 వాట్లే. ఆ బోర్డు మీద 200 వాట్స్ అని స్టిక్కర్ ఉంటే నవ్వుకుని ముందుకెళ్ళిపోవచ్చు.

మిగతా సగం సంగతి స్పీకర్‌లో ఉంది. జనం పట్టించుకోని అంకె కూడా అక్కడే ఉంది.

ఇంట్లో వాడే స్పీకర్‌కి వంద వాట్లు ఇస్తే శబ్దంగా మారేది ఒక వాట్ లోపే. మిగతాదంతా లోపలి తీగచుట్ట, అంటే కాయిల్ వేడెక్కడానికే సరిపోతుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ ఇప్పటి పద్ధతి స్పీకర్‌ని చేసి చూపించారు. ఆనాటి నుంచి ఈ బలహీనత అలాగే ఉంది. గాలి మరీ పల్చన, దాన్ని నెట్టే కోన్ (స్పీకర్ ముందు ఊగే గిన్నె లాంటి పొర) దానికంటే ఎంతో బరువు. హారన్ ఈ తేడాని పూడుస్తుంది, అందుకే మైక్ సెట్టుకి అంత గొంతు.

ఏ స్పీకర్ ఈ పనిలో ఎంత గట్టిదో చెప్పే అంకె పేరు సెన్సిటివిటీ. ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) వస్తుందో అది. ఇంటి స్పీకర్లు ఎక్కువగా 85 నుంచి 91 మధ్య ఉంటాయి. పందిరి హారన్ 105 దాకా ఉంటుంది. 88 ఉన్న స్పీకర్‌తో పోలిస్తే తేడా 17 డెసిబెల్స్. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు కాబట్టి, అది పవర్‌లో 50 రెట్లు. హారన్ 30 వాట్లతో చేసే మోత ఆ స్పీకర్‌తో చెయ్యాలంటే 1500 వాట్లు కావాలి. కాకపోతే హారన్‌లో బేస్ (గంభీరమైన కింది స్వరాలు) ఉండదు, సినిమా చూడ్డానికి పనికిరాదు.

మీ హాల్లో ఎన్ని వాట్లు కావాలో ఇప్పుడు లెక్కేద్దాం. స్పీకర్ 88 డెసిబెల్స్‌ది, సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంది. గోడలు కొంత శబ్దాన్ని తిప్పి పంపుతాయి కాబట్టి దూరం వల్ల ఓ 6 డెసిబెల్స్ పోతుందనుకుందాం. అంటే ఒక వాట్‌కి మన చెవి దగ్గర 82. డైలాగులు 75లో వింటే బాగానే గట్టిగా ఉన్నట్టు. దానికి 0.2 వాట్ చాలు. అవును, వాట్‌లో ఐదో వంతు. పేలుడు సీన్లో శబ్దం దానికి 20 డెసిబెల్స్ పైకెళ్తుంది, అప్పుడు ఆ క్షణానికి 20 వాట్లు. సినిమా హాలు ప్రమాణంలో ఒక్కో స్పీకర్ 105 డెసిబెల్స్ దాకా అందుకోవాలి. ఇంట్లోనూ అదే కావాలంటే 200 వాట్లు. ఇదే లెక్క 91 డెసిబెల్స్ స్పీకర్‌తో వేస్తే అన్నీ సగానికి సగం, అంటే 0.1, 10, 100.

స్పీకర్‌లో మూడు డెసిబెల్స్ ఎక్కువుంటే యాంప్లిఫయర్ పవర్ రెట్టింపైనట్టే. అందుకని 80 వాట్ల రిసీవర్ (హోమ్ థియేటర్ స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టె) వదిలి 100 వాట్లది కొనడానికి పెట్టే డబ్బు స్పీకర్ మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం. 80కీ 100కీ తేడా ఒక డెసిబెల్, చెవికి దాదాపు తెలియదు. ఒక మెలిక మాత్రం ఉంది. చాలా కంపెనీలు సెన్సిటివిటీని 2.83 వోల్టులతో కొలుస్తాయి. 8 ఓమ్స్ స్పీకర్‌కి అది ఒక వాట్, 4 ఓమ్స్ స్పీకర్‌కి రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ మీద 90 అని ఉంటే 87గా చదువుకోవాలి.

ఓమ్స్ దగ్గరే షాపుల్లో ఎక్కువ గందరగోళం. 8 రాసి ఉంటే 8 తప్ప తగిలించకూడదంటారు. ఇది ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు వాల్వుల కాలం నాటి మాట. అప్పట్లో యాంప్లిఫయర్ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, దాని 4, 8, 16 టెర్మినల్స్‌లో స్పీకర్‌కి సరిపడేది ఎంచుకోవాలి. ఇప్పటి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ గోడలో ప్లగ్ పాయింట్ లాంటిది. పాయింటు ఇచ్చేది 230 వోల్టులే, 9 వాట్ల బల్బు తొమ్మిదే లాక్కుంటుంది, గీజర్ 2000 లాక్కుంటుంది. అలాగే యాంప్లిఫయర్ వోల్టేజీ ఇస్తుంది, ఎంత కరెంటు లాగాలో స్పీకర్ ఓమ్స్ తేలుస్తాయి. ఓమ్స్ ఎక్కువున్న స్పీకర్ పెడితే పవర్ తగ్గుతుందంతే, ఏమీ కాలిపోదు. తక్కువున్నది పెడితేనే టెన్షన్. 8 ఓమ్స్‌లో 80 వాట్లు ఇచ్చేటప్పుడు యాంప్లిఫయర్ లోంచి 3.2 యాంపియర్లు వెళ్తాయి. అదే వాల్యూంలో 4 ఓమ్స్ తగిలిస్తే 6.3. ఆ కరెంటు ఇవ్వలేని రిసీవర్ వేడెక్కి, ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది. అలా ఆగితే అదృష్టమే. పక్క గదిలో కూడా పాటలు రావాలని అవే టెర్మినల్స్‌కి ఇంకో జత 8 ఓమ్స్ స్పీకర్లు కలిపేవాళ్ళు సరిగ్గా ఈ పనే చేస్తున్నారు. ప్యారలల్‌లో రెండు 8లు కలిస్తే 4.

పైగా 8 ఓమ్స్ అనేది అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. బేస్‌లో ఒక చోట 20, 30 దాకా లేచి, మరో చోట 8 కంటే కిందికి దిగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం 80 శాతం దాకా, అంటే 6.4 దాకా దిగనిస్తుంది. మల్టీమీటర్ పెడితే 6 దగ్గర చూపిస్తుంది, స్పీకర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. మీటర్ కొలిచేది కాయిల్ తీగ నిరోధాన్ని మాత్రమే. పెట్టెగా అమ్మే కొన్ని హోమ్ థియేటర్ సెట్ల స్పీకర్లు 3 ఓమ్స్‌వి. అవి ఆ సెట్టుకే సరి. వాటిని విప్పి మామూలు రిసీవర్‌కి తగిలించొద్దు.

పెద్ద స్పీకర్‌కి చిన్న యాంప్లిఫయరైతే ఏమీ కాదులే అని చాలామంది ధీమా. కాలిపోయిన ట్వీటర్లు (సన్నటి పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) వేరే కథ చెబుతాయి. యాంప్లిఫయర్ తన వోల్టేజీ హద్దు తాకాక సిగ్నల్ అలల తలలు నరికినట్టు చదునైపోతాయి. సౌండ్ పగులుతోందని మనం అనేది అప్పుడే. పూర్తిగా చదునైన అలలో, అదే ఎత్తున్న గుండ్రటి అల కంటే రెట్టింపు పవర్ ఉంటుంది. వాల్యూం ఇంకా తిప్పేకొద్దీ పెద్ద శబ్దాలు పైకి పోలేవు, చిన్నవి వాటి పక్కకి వచ్చి చేరతాయి. కాయిల్‌కి తెరిపి ఉండదు. వెంట్రుక లాంటి తీగతో చుట్టిన ట్వీటర్ కాయిల్ ముందు పోతుంది. స్పీకర్ మీద 100 వాట్స్ అని ఉన్నా అందులో ట్వీటర్ వాటా చాలా తక్కువ.

రిసీవర్ వాట్లు చదివేటప్పుడు పక్కనున్న చిన్న అక్షరాలు కూడా చదవాలి. 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్ (అంటే ఒకే స్వరం), 10 శాతం డిస్టార్షన్, ఒక్క ఛానల్ (అంటే ఒక్క స్పీకర్ వైపు) అని ఉంటే అది అలంకారం. 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ (అంటే వినపడే స్వరాలన్నీ), 0.05 శాతం, రెండు ఛానల్స్ అని ఉంటే నమ్మొచ్చు. అందులోనూ రెండు ఛానల్స్ అనే మాట గుర్తుంచుకోండి. ఏడు ఛానల్స్‌కీ కలిపి లోపలున్నది ఒకటే పవర్ సప్లై, అన్నీ ఒకేసారి మోగితే ఒక్కోదాని వాటా తగ్గుతుంది.

ఆ భారం తగ్గించే మార్గం రిసీవర్ మెనూలోనే ఉంది. సినిమాలో పవర్‌ని ఎక్కువగా తినేది బేస్. బేస్ మాత్రమే పలికే సబ్‌వూఫర్‌కి చాలావరకు సొంత యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి 80 హెర్ట్జ్ కింది శబ్దమంతా దానికే పంపేయొచ్చు. మెనూలో స్పీకర్ సైజ్ అన్న చోట స్మాల్ అని పెడితే అదే జరుగుతుంది. నిలువెత్తు టవర్ స్పీకర్లు కొన్నవాళ్ళకి స్మాల్ నొక్కడం నామోషీగా ఉంటుంది. నొక్కండి, రిసీవర్‌కి ఊపిరాడుతుంది. తర్వాత ఒకసారి సబ్‌వూఫర్ వాల్యూం సరిచూసుకుంటే సరిపోతుంది.